గిటారుకు ఆంప్లిఫైయరు నెన్నుకొనుట

రేడియో గల ప్రతి ఇంటిలోను ఒక ఆంప్లిఫైయరు ఉన్నది. ఏరియలు పట్టిన సంకేతము మిక్కిలి అల్పమైనది. దానిని బలపరచి, స్పీకరులోని అట్టను కదల్చగల శక్తిగా మార్చునది ఆ భాగమే. దాని ధర్మము నమ్మకముగా మోయుట, తనదంటూ ఏమియు చేర్చకుండుట. వార్తలు చదువువారి గొంతు వారి గొంతువలెనే వినబడవలెను. నాదస్వరము నాదస్వరమువలెనే వినబడవలెను.

గిటారు ఆంప్లిఫైయరు సంగతి వేరు. అది ధ్వనిని మోయు బంట్రోతు కాదు, వాద్యములో సగభాగము. వీణకు కుండ యెట్టిదో విద్యుత్ గిటారుకు ఆంప్లిఫైయరు అట్టిది. విద్యుత్ గిటారు చాలవరకు గట్టి కొయ్యపలక. దానికి బోలు కడుపు లేదు. తీగ మీటినప్పుడు పక్కనున్నవానికి మాత్రము వినబడునంత సన్నని చప్పుడు పుట్టును. ఆ చప్పుడునకు ఆకారము, నిడివి, రంగు ఇచ్చునది ఆంప్లిఫైయరే. కావున గిటారు కొనుటకు పట్టినంత ఆలోచన దానికిని పట్టవలెను.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఈ విషయము ముచ్చటించుటకు కారణమున్నది. ఒకప్పుడు హార్మోనియము, డోలక్కు మాత్రమే ఉన్నచోట నేడు కీబోర్డు, గిటారు చేరినవి. ప్రార్థన మందిరములలో, కళాశాల వార్షికోత్సవములలో, పెండ్లి ఆర్కెస్ట్రాలలో గిటారు పట్టు యువకులు, యువతులు కనబడుచున్నారు. కాని నాలుగు పెట్టెలు వరుసగా పెట్టి వాయించి చూచుకొను అవకాశము ఈ ఊళ్ళలో అరుదు. గుంటూరు, నంద్యాల మార్గపు రైలెక్కి దూరమునకు పోయి కొనవలెను. లేదా బొమ్మ చూచి తెప్పించుకొనవలెను. వర్షమును నమ్ముకొన్న మెట్టప్రాంతపు ఇంటిలో ఆ డబ్బు సులభముగా వచ్చినది కాదు. పెట్టె నచ్చకపోయిన తిరిగి పంపుట ప్రయాసము. అంతకంటె పెద్ద నష్టము, నేర్చుకొనువాని ఉత్సాహము చల్లారుట.

మొదట ఒక సామాన్యమైన ప్రశ్న. ఇంటిలో పాటలు వినుటకు స్పీకరు సెట్టు ఉన్నది, గుడిలోనో సంఘములోనో మైకు సెట్టు ఉన్నది; గిటారును దానికే తగిలించిన చాలదా? చాలదు. రెండు కారణములున్నవి. మొదటిది, గిటారులో తీగల క్రింద అయస్కాంతములకు చుట్టిన సన్నని రాగి తీగచుట్ట ఉండును. దానిని పికప్పు అందురు. ఉక్కు తీగ కదలినప్పుడు అందులో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇట్టి చుట్టకు సుమారు పది లక్షల ఓముల నిరోధము గల ద్వారము కావలెను. మైకు ద్వారములు సాధారణముగా దానికంటె చాల తక్కువ నిరోధముతో ఉండును. అక్కడ తగిలించినచో తారస్వరముల తేట చచ్చి, నాదము మొద్దువారును. రెండవది, గిటారు కొరకు చేసిన స్పీకరు సెకనుకు సుమారు 5,000 కంపనములు దాటిన ధ్వనులను చాలవరకు వదలివేయును. మైకు సెట్టు స్పీకరు అట్లు వదలదు. అందువలన గిటారు గరగరను అందులో వినిపించినచో రేకు మీద మేకుతో గీచినట్లుండును.

ఇక గిటారు ఆంప్లిఫైయరుల చరిత్ర కొంచెము తెలిసికొన్న, నేటి పెట్టెలు ఏమి చేయుచున్నవో బోధపడును. పూర్వపు రేడియోలవలెనే పూర్వపు గిటారు ఆంప్లిఫైయరులును వాల్వులతో పనిచేసెడివి. 1950, 1960 దశకములలో అమెరికాలో ఫెండరు, ఇంగ్లండులో వాక్సు, మార్షలు పేర్లతో వచ్చిన పెట్టెలు ప్రసిద్ధికెక్కినవి. వాల్వును దాని శక్తికి మించి నడిపినప్పుడు తరంగపు శిఖరములు నలిగి గుండ్రబడును. రేడియో ఇంజనీరునకు అది దోషము. గిటారు వాద్యకారునకు అదే గుణమైనది. మెల్లగా మీటిన తేటగాను, గట్టిగా మీటిన బొంగురుగాను పలుకు ఆ స్వభావము వేళ్ళకు లోబడినది కనుక సంగీతమునకు పనికివచ్చినది. 1975లో జపానువారి రోలాండు సంస్థ వెలువరించిన జె.సి. 120 మాత్రము ట్రాన్సిస్టర్లతో నడచి, నలగని తేట నాదమునకు పేరొందినది.

ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క గొంతు. నాలుగు గొంతులు కావలసినవాడు నాలుగు పెట్టెలు కొనవలసి వచ్చెడిది. ఈ చిక్కును విప్పుటకు పుట్టినదే మోడలింగు ఆంప్లిఫైయరు. మన ఊళ్ళకు వచ్చు పగటివేషగాడు ఉదయము ఒక వేషము, మరునాడు మరియొక వేషము కట్టును, మనిషి ఒక్కడే. ఈ పెట్టెయును అట్టిదే. 1995లో రోలాండు వారి వి.జి. 8, 1996లో లైన్ సిక్స్ వారి ఆంప్లిఫైయరు, 1998లో అదే సంస్థవారి పాడ్ అను చిన్న పరికరము ఈ మార్గమును తెరచినవి. తరువాత 2010లో ఫెండరు వారి మస్టాంగు, 2011లో యమహా వారి టి.హెచ్.ఆర్., 2016లో బాస్ వారి కటానా వచ్చి ఈ విద్యను సామాన్య గృహములకు చేర్చినవి.

అది పనిచేయు విధమును ముగ్గుతో పోల్చవచ్చును. వాకిట ముగ్గు వేయువారు ముందు చుక్కలు పెట్టి తరువాత గీత కలుపుదురు. ఈ పెట్టె గిటారు తరంగమును సెకనుకు 44,100 చుక్కలుగానో, అంతకు మించియో కొలిచి, ప్రతి చుక్కను ఒక అంకెగా వ్రాసికొనును. వాల్వు ఎట్లు నలిగించునో, పెట్టెలోని ట్రాన్సుఫార్మరు ఎట్లు వంచునో, స్పీకరు దేనిని వదలివేయునో ముందుగా పరిశీలించి చేసిన లెక్కలు దాని జ్ఞాపకములో ఉండును. ఆ లెక్కల ప్రకారము అంకెలను మార్చి, తిరిగి గీతగా కలిపి స్పీకరునకు పంపును. ఇదంతయు సెకనులో కొన్ని వేయవ వంతుల కాలములో ముగియును. శబ్దము గాలిలో ఒక మీటరు దూరము పోవుటకే సుమారు మూడు వేయవ వంతుల సెకను పట్టును. కనుక ఆ ఆలస్యము వేళ్ళకు తెలియదు.

ఇన్ని వేషములు కట్టగలదు కదా అని, ఎక్కువ వేషములున్న పెట్టెయే మేలైనదని తలంచుట పొరపాటు. దుకాణపు చీటీపై నూరు ఆంప్లిఫైయరులు, ఏబది ఎఫెక్టులు అని వ్రాసియుండును. నేర్చుకొనువాడు సాయంకాలము గంటసేపు కూర్చుండి, ఆ నూరింటిని త్రిప్పి చూచుటలోనే పొద్దు పుచ్చును. స్వరము పలికించుట సాగదు. మేము గమనించినంతవరకు ఇంటి సాధనకును, సంఘములో పాటకును, చిన్న వేదికకును కలిపి మూడు గొంతులు చాలును. ఒకటి, తేట నాదము. రెండవది, గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచున గరగరలాడు నాదము. మూడవది, సుదీర్ఘముగా నిలుచు నిండు నాదము; పాట నడుమ గిటారు ఒంటరిగా పలుకునప్పుడు ఇది కావలెను. వీనికి తోడు కొంచెము ప్రతిధ్వని ఉన్న సంపూర్ణము.

ఈ మూడింటిలో తేట నాదమునే మొదట పరీక్షింపవలెను. దీనికి మన తెలుగునాటనే గొప్ప నిదర్శనమున్నది. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషులైన మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు అయిదు తీగల విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును పలికించినారు. మామూలు మాండొలినుపై మీటిన స్వరము వెంటనే తగ్గిపోవును. గమకము పూర్తి కాకముందే నాదము ఆరిపోవును. విద్యుత్తు తోడైనప్పుడు స్వరమునకు నిడివి వచ్చినది, ఆ నిడివిలో గమకమునకు చోటు దొరికినది. ఆంప్లిఫైయరు చేయు మేలు చప్పుడు పెంచుట మాత్రమే కాదని దీనివలన తెలియును. గిటారుపై మన రాగములను, సినిమా పాటలను, కీర్తనలను వాయింపదలచినవారికి తేట నాదము చక్కగా లేని పెట్టె ఎన్ని వేషములు కట్టినను నిరుపయోగము.

దుకాణములో పరీక్షించు క్రమము ఇది. మీ గిటారునే తీసికొని పొండు. ఎఫెక్టులన్నింటిని ఆపివేయింపుడు. బాస్, మిడిల్, ట్రెబుల్ నాబులను నడిమికి త్రిప్పుడు. ఇంటిలో వాయించునంత మెల్లని ధ్వనితోనే వినుడు. పెద్ద ధ్వనిలో ప్రతి పెట్టెయు గొప్పగానే తోచును. ఒకే స్వరమును మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటుడు. రెండింటికి నడుమ తేడా తెలియవలెను. తరువాత గరగర నాదము పెట్టి, గిటారుపైనున్న వాల్యూము నాబును సగమునకు తగ్గింపుడు. మంచి పెట్టెలో గరగర తగ్గి తేటపడును. నాసిరకపు పెట్టెలో చప్పుడు మాత్రమే తగ్గి గరగర అట్లే ఉండును. ఈ ఒక్క పరీక్ష చీటీపైని అంకెలన్నింటికంటె విలువైనది.

మరియొక పరీక్ష నాబులకు సంబంధించినది. రేడియో వాల్యూము పెంచుటకు పుస్తకము చదువనక్కరలేదు. గిటారు పెట్టెయును అట్లే ఉండవలెను. పైన చెప్పిన మూడు గొంతులును పెట్టెమీది నాబులతోనే దొరకునా, లేక సెల్‌ఫోనులోని యాప్ తెరచినగాని దొరకవా అని అడుగుడు. యాప్ ఉండుట దోషము కాదు. కాని ఫోనులు నాలుగైదేండ్లకు మారును. పాత పెట్టెకు క్రొత్త ఫోనుతో పొత్తు కుదరని దినము రావచ్చును. చేతికందు నాబులు ఎప్పటికిని ఉండును. కటానా మొదటి నమూనాలలో ఒకే నాబు త్రిప్పిన తేట నాదమునుండి మిక్కిలి గరగర వరకు అయిదు గొంతులు వరుసగా దొరకినవి. ఇట్టి సులభమైన ఏర్పాటు ఏ సంస్థ పెట్టెలో ఉన్నను దానికి ఒక మార్కు ఎక్కువ వేయవచ్చును.

వాట్ల సంగతి చాలమందిని తికమక పెట్టును. వాట్లు రెట్టింపైనంత మాత్రమున చప్పుడు రెట్టింపు కాదు. 3 డెసిబెల్సు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపుగా తోచవలెనన్న శక్తి సుమారు పది రెట్లు కావలెను. అనగా 50 వాట్ల పెట్టె 5 వాట్ల పెట్టెకు పదిరెట్లు కాదు, సుమారు రెండు రెట్లు మాత్రమే బిగ్గరగా తోచును. ఇంటి సాధనకు 5 మొదలు 20 వాట్లు చాలును. చిన్న మందిరములో డ్రమ్ముల ప్రక్కన వాయించుటకు 12 అంగుళముల స్పీకరుతో 40, 50 వాట్లు సరిపోవును. అంతకంటె పెద్ద సభలో పెట్టెను పెంచవద్దు. దాని వెనుక నున్న లైను ఔట్ ద్వారమునుండి మైకు సెట్టునకు తీగ కలుపుడు. ఆ ద్వారమునకు గిటారు స్పీకరు స్వభావమును అనుకరించు ఏర్పాటు ఉండవలెను. లేనిచో మొదట చెప్పిన రేకు గీత వంటి ధ్వనియే వచ్చును. ఈ ద్వారము, హెడ్‌ఫోను ద్వారము రెండును ఉన్న పెట్టెను ఎన్నుకొనుట ఉత్తమము. శబ్ద కాలుష్య నియంత్రణమునకై 2000లో వచ్చిన నిబంధనలు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి విధించినవి. హెడ్‌ఫోను ఉన్న ఇంటిలో ఇరుగుపొరుగులకు నిద్రాభంగము కలుగదు. నేర్చుకొనువానికి సిగ్గును కలుగదు.

మన ప్రాంతపు ఇండ్ల విషయము ఒకటి చెప్పవలసియున్నది. మార్కాపురము పలకలకు పేరుపొందినది. ఈ ప్రాంతమున రాతిబండలు పరచిన నేలలు, రాతిగోడలు సామాన్యము. రాయి శబ్దమును పీల్చుకొనదు, తిరుగగొట్టును. అట్టి గదిలో పెట్టెలోని ప్రతిధ్వని నాబును పెంచినచో స్వరముపై స్వరము పడి గందరగోళమగును. గదియే ప్రతిధ్వని నిచ్చుచుండగా పెట్టె ఇయ్యనక్కరలేదు. ట్రెబులును కొంచెము తగ్గింపుడు. పెట్టెను మూలకు నెట్టినచో మంద్రస్వరములు ఉబ్బును. గోడకు కొంత ఎడముగా, బల్లపై ఎత్తున పెట్టుడు. ఎదుటి గోడపై ఒక బొంత వ్రేలాడదీసినను తేడా తెలియును.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఇది నాదమునకు గాక ప్రాణమునకు సంబంధించినది.

గిటారులోని రొద తగ్గుటకై దాని లోహపు తీగలను ఆంప్లిఫైయరు చట్రమునకును, ఆ చట్రమును మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా భూమికిని కలుపుదురు. అన్నియు సక్రమముగా ఉన్నప్పుడు ఇది రక్షణ. ఎర్తు తెగినప్పుడు ఇదియే అపాయము. లోపల ఏదేని తీగ చట్రమును తాకినచో 230 వోల్టులు గిటారు తీగలలోనికి వచ్చును. వాయించువాడు అదే సమయమున పెదవులను మైకునకు ఆనించి పాడును. మైకు సెట్టు వేరొక లైనుపైనో, జనరేటరుపైనో ఉండును. చేతులనుండి పెదవుల వరకు శరీరమే తీగ అగును. అపాయము గిటారు వైపునుండియే కాదు, మైకు వైపునుండియు రావచ్చును. 1972 మే నెలలో ఇంగ్లండు గిటారు కళాకారుల వరుసలో పేరు తెచ్చుకొనుచుండిన లెస్ హార్వే అను స్కాట్లండు యువకుడు, వేల్సులోని స్వాన్సీ పట్టణపు వేదికపై, ఎర్తు లేని మైకును తాకి మరణించినాడు.

మన పశ్చిమ ప్రకాశమున ఈ జాగ్రత్త మరింత అవసరము. రాతినేల, ఎండిన నేల విద్యుత్తును సులభముగా స్వీకరించవు. వేసవిలో ఎర్తు గుంట ఎండినప్పుడు అది ఉన్నను లేనట్లే. గుంటలో ఉప్పు, బొగ్గు వేయుట, నీరు పోయుట పెద్దలెరిగిన పనియే, దానిని మానరాదు. ప్లగ్గు మూడవ పిన్ను విరిచి రెండు రంధ్రములలో దూర్చు అలవాటును ఇంటినుండి తరిమివేయుడు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను త్రుంచు ఆర్.సి.సి.బి. పెట్టించుడు. వేదికపై గిటారు పెట్టెను, మైకు సెట్టును ఒకే లైనునుండి నడుపుడు. పాడుటకు ముందు మల్టీమీటరును ఏ.సి. వోల్టులపై పెట్టి, ఒక మొనను గిటారు తీగకును, రెండవ మొనను మైకు జాలికిని తాకించుడు. ముల్లు సున్న వద్ద ఉండవలెను. లేనిచో ఎలక్ట్రీషియను వచ్చి చూచు వరకు ఆ వాద్యమును తాకరాదు. పాట ఆలస్యమైన నష్టము లేదు.

ఈ దృష్టితో చూచిన, బ్యాటరీపై నడచు చిన్న మోడలింగు పెట్టెలు గ్రామసీమలకు మంచి తోడు. రోలాండు వారి మైక్రో క్యూబ్ వంటివి చిన్న సెల్లులతో పనిచేయును. కరెంటు పోయినను సాధన ఆగదు. ఒంటరిగా నడచునప్పుడు ఎర్తు బెడదయు లేదు. అయితే దానిని తీగతో మైకు సెట్టునకు కలిపిన క్షణమునుండి పై జాగ్రత్తలన్నియు దానికిని వర్తించును.

మరమ్మతు విషయమును కొనుటకు ముందే ఆలోచింపవలెను. మోడలింగు పెట్టెలోని స్పీకరు, జాక్కు, కరెంటు తీగ పాడైనచో మన ఊరి రేడియో మెకానిక్కు బాగుచేయగలడు. లెక్కలు చేయు పలక పాడైనచో అతని చేతిలో లేదు. దానిని తయారుచేసిన సంస్థ సేవాకేంద్రమునకే పంపవలెను. కావున గ్యారంటీ ఎన్నాళ్ళు, సేవాకేంద్రము ఏ ఊరిలో ఉన్నది అను రెండు ప్రశ్నలు అడిగి, జవాబును బిల్లుతో పాటు భద్రపరచుడు. పలకల గనుల దుమ్ము, వేసవి వడ రెండును యంత్రమునకు శత్రువులు. వాయింపనప్పుడు గుడ్డ కప్పుడు; వాయించునప్పుడు తీసివేయుడు, వేడి వెలుపలికి పోవలెను.

సారాంశముగా మేము చెప్పునది ఇది. ఇంటిలో నేర్చుకొనువారికి చిన్న పెట్టె, హెడ్‌ఫోను ద్వారము, చక్కని తేట నాదము. సంఘములోను, వేదికపైను వాయించువారికి 12 అంగుళముల స్పీకరు, లైను ఔట్, నాబులతో దొరకు మూడు గొంతులు. ఇరువురికిని సరియైన ఎర్తు. కొన్న తరువాత మొదటి నెల తేట నాదము తప్ప వేరొకటి ముట్టవద్దని పిల్లలకు చెప్పుడు. తేట నాదము దాపరికము లేనిది; వ్రేలు తప్పిన తప్పినట్లే చెప్పును. ఆ నెల గడచిన పిమ్మట గరగరను, ప్రతిధ్వనిని కూరలో ఉప్పువలె చేర్చుకొనవచ్చును. అప్పటికి వారి చెవికే కొలత తెలిసియుండును.